పొద్దున లేవలేరు, మధ్యాహ్నానికి మామూలే: పెద్దవాళ్ల భుజాలు, తుంటి నొప్పుల వెనుక ఈ జబ్బు ఉందేమో చూశారా?

‘అవ్వకు రెక్కలు లేస్తలేవు. పొద్దుగాల మంచం దిగుడే కష్టమైతాంది. సూది ఏపిస్తే రెండు రోజులు మంచిగుంటది, మళ్ల మొదలు.’

హైదరాబాద్‌లోనో, భివండీలోనో, దుబాయ్‌లోనో ఉంటున్న సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు పిల్లలకు ఊరి నుంచి ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. ‘వయసు మీద పడ్డది కదా’ అని సర్దుకుంటారు. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ పైమాటల్లో మూడు విషయాలు ఉన్నాయి. రెండు చేతులూ ఒకేసారి పైకి లేవకపోవడం ఒకటి. బాధంతా పొద్దున పూట ఎక్కువగా ఉండటం రెండోది. సూదితో ఇట్టే తగ్గి, నాలుగో రోజుకు తిరిగి రావడం మూడోది. ఈ మూడూ కలిసి అరవై, డెబ్బై ఏళ్ల మనిషిలో కనిపిస్తే, వయసును నిందించే ముందు ఒక జబ్బు ఉందో లేదో చూడాలి. దాని పేరు పాలిమయాల్జియా రుమాటికా. డాక్టర్లు పొట్టిగా పీఎంఆర్ అంటారు.

దీన్ని అనుమానించడానికి పది నిమిషాల మాట, రెండు రక్త పరీక్షలు చాలు. తగ్గించే మందు దశాబ్దాల పాతది, చవకైనది, ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది. అయినా మన ఊళ్లలో ఇది పేరు లేకుండానే ఉండిపోతోంది. దానికి ప్రధాన కారణం, ఈ జబ్బును నయం చేసే మందే దాన్ని దాచేస్తుండటం.

అసలేంటీ జబ్బు?

పాలిమయాల్జియా అంటే అనేక కండరాల నొప్పి. పేరు అలా ఉన్నా, కండరాలు పాడయ్యే జబ్బు కాదిది. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ వీళ్లలో మామూలుగానే ఉంటుంది. వాపు ఉండేది భుజాలు, తుంటి కీళ్ల లోపలి పొరల్లో, ఆ కీళ్ల చుట్టూ కుషన్లలా ఉండే చిన్న ద్రవపు సంచుల్లో. అక్కడి బాధ పైచేతుల్లో, మెడలో, తొడల్లో కండరాల నొప్పిలా తెలుస్తుంది.

యాభై ఏళ్లలోపు వాళ్లకు ఇది దాదాపు రాదు. ఎక్కువగా కనిపించేది డెబ్బైల్లో. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. స్కాట్లండ్ వైద్యుడు విలియం బ్రూస్ 1888లోనే దీన్ని వర్ణించాడు. ఇప్పుడు వాడుతున్న పేరు 1957లో వచ్చింది. నార్వే, స్వీడన్ లాంటి ఉత్తర ఐరోపా దేశాల్లో చాలా ఎక్కువ, ఆసియా వాళ్లలో తక్కువ. అందుకే మన వైద్య విద్యార్థులు దీన్ని పాశ్చాత్యుల జబ్బుగా చదివి మర్చిపోతారు. తక్కువ అంటే లేదని కాదు. మన దగ్గర అరవై దాటినవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి దీని బారిన పడేవాళ్లూ పెరుగుతారు.

మొదలయ్యే తీరు కూడా గుర్తుపట్టేలా ఉంటుంది. మోకాళ్ల అరుగుదలలా ఏళ్ల తరబడి మెల్లగా రాదు. రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో ముంచుకొస్తుంది. కొందరు ఏ రోజు మొదలైందో కూడా చెప్పగలరు. జడ వేసుకోవడం, జాకెట్ చేతుల్లో రెక్కలు దూర్చడం, అటక మీది డబ్బా అందుకోవడం, మంచంలో పక్కకు తిరగడం, కింద కూర్చుని లేవడం ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. వీటితో పాటు నీరసం, ఆకలి లేకపోవడం, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం ఉండొచ్చు. తమ పని తాము చేసుకునే మనిషి నెల తిరిగేసరికి లేపి కూర్చోబెట్టాల్సిన స్థితికి వస్తే, అది వయసు పని కాదు. వయసు అంత తొందరగా మీద పడదు.

బీడీల నొప్పికీ, దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఈ ప్రాంతంలో నొప్పికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు. సిరిసిల్లలో మరమగ్గాల ముందు రోజుకు పది పన్నెండు గంటలు నిలబడ్డ మగవాళ్లున్నారు. ఎల్లారెడ్డిపేట నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాకా చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, దశాబ్దాల పాటు బీడీలు చుట్టిన ఆడవాళ్లున్నారు. నాట్లు, కలుపు సరేసరి. కాబట్టి భుజం నొప్పి అనగానే ‘పని చేసీ చేసీ’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అసలు జబ్బు కనబడకుండా పోయేది అక్కడే.

పని వల్ల వచ్చే నొప్పి పని చేసినకొద్దీ పెరుగుతుంది. పడుకుంటే తగ్గుతుంది. సాయంత్రానికి ఎక్కువ, పొద్దునకు తక్కువ. పీఎంఆర్ దీనికి సరిగ్గా ఉల్టా. రాత్రంతా పడుకుని లేచాక ఒళ్లు కొయ్యబారిపోయినట్టు ఉంటుంది. ఆ బిగుసు కనీసం ముప్పావు గంట, చాలామందిలో రెండు మూడు గంటలు వదలదు. కాస్త తిరిగితే, ఎండ పొడ తగిలాక, పదకొండు గంటల వేళకు మనిషి మామూలు అవుతుంది. మధ్యాహ్నం బస్సెక్కి దవాఖానకు పోయేసరికి చేతులు బాగానే లేస్తాయి. డాక్టర్‌కు ఏమీ కనిపించదు. ‘ముసలామె ఊరికే అంటోంది’ అని ఇంట్లోవాళ్లే విసుక్కుంటారు. పొద్దున ఆరింటికి మంచం మీద నుంచి ఎలా లేస్తున్నారో ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి డాక్టర్‌కు చూపిస్తే, అరగంట మాటల్లో చెప్పలేనిది తెలిసిపోతుంది.

రెండో తేడా, ఇది రెండు వైపులా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు తరచూ వచ్చే భుజం పట్టేయడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, సాధారణంగా ఒక వైపు మొదలవుతుంది. అందులో భుజాన్ని వేరేవాళ్లు ఎత్తినా లేవదు. వానాకాలం చికున్‌గన్యా తర్వాత నెలల కొద్దీ ఉండే నొప్పులు ఎక్కువగా మణికట్లు, వేళ్లు, చీలమండల్లో ఉంటాయి, ముందు గట్టి జ్వరం వచ్చి ఉంటుంది. పెద్ద వయసులో మొదలయ్యే రుమటాయిడ్ కీళ్లవాతం మాత్రం కొన్నిసార్లు అచ్చం పీఎంఆర్‌లాగే మొదలవుతుంది. చేతివేళ్ల కీళ్లు వాచాయంటే దాన్ని అనుమానించాలి.

ఇవి కాక థైరాయిడ్ తగ్గడం, విటమిన్ డి లోపం, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు కూడా ఒళ్లు నొప్పులు తెస్తాయి. అరుదుగా ఎముక మజ్జలో వచ్చే మైలోమా లాంటి క్యాన్సర్, దాగి ఉన్న క్షయ ఇదే వేషంలో వస్తాయి. అందుకే పీఎంఆర్ అని తేల్చడం అంటే మిగతావి కాదని తేల్చడం. లక్షణాలు చదివి ఇంట్లోనే పేరు పెట్టుకుని, మెడికల్ షాపులో గోలీలు కొనుక్కునే జబ్బు కాదిది.

సూదితో ఎందుకు తగ్గుతుంది?

ఊళ్లో పొద్దున్నే ఇంటికి వచ్చే ఆర్‌ఎంపీ ఇచ్చే ‘నొప్పుల సూది’లో చాలాసార్లు రెండు మందులు ఉంటాయి. ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. రెండోది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. పీఎంఆర్‌కు అసలు మందే స్టెరాయిడ్. మామూలు నొప్పి మాత్రలకు పెద్దగా లొంగని ఈ జబ్బు, కొద్ది మోతాదు స్టెరాయిడ్ పడగానే ఆశ్చర్యపోయేంత వేగంగా తగ్గుతుంది. నెల రోజులుగా చేయి ఎత్తలేని మనిషి రెండు మూడు రోజుల్లో తల దువ్వుకుంటుంది. అంటే ఊరి సూది నిజంగానే పనిచేసింది. సమస్య అక్కడి నుంచే మొదలవుతుంది.

లెక్క చూడండి. డెక్సామెథసోన్ చాలా గట్టి స్టెరాయిడ్. 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. రెండు మిల్లీలీటర్ల వయల్‌లో ఉండే 8 మిల్లీగ్రాములు ఎక్కిస్తే, దాదాపు 53 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లినట్టు. పీఎంఆర్‌కు అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించే రోజువారీ తొలి మోతాదు 12.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ముప్పై దాటొద్దని కూడా అవి చెబుతాయి. సూది ప్రభావం ఒకటిన్నర రోజు నుంచి మూడు రోజులు ఉంటుంది. తర్వాత జబ్బు తిరిగి లేస్తుంది. మళ్లీ సూది. ఒక రోజు అవసరానికి మించి, తర్వాతి వారం ఏమీ లేకుండా, జబ్బు అదుపులోకి రాదు. షుగర్, బీపీ, ఎముకల నష్టం మాత్రం జమ అవుతూ ఉంటాయి.

రెండో నష్టం పరీక్షల్లో తెలుస్తుంది. సూది వేసుకున్న మర్నాడో, మూడో నాడో రక్తం ఇస్తే వాపు సూచికలు తగ్గి కనిపిస్తాయి. ‘అన్నీ నార్మలే’ అని రిపోర్టు వస్తుంది. జబ్బు పేరు తేలే అవకాశం అక్కడితో పోతుంది. దాని వెనుక ఉన్నది క్షయో, క్యాన్సరో అయితే ఈ ఆలస్యం ఖరీదు ఇంకా పెద్దది.

స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోవడమూ సరికాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచాన పడ్డ మహిళకు కార్టిసోన్ ఇస్తే, కొన్ని రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. దుష్ఫలితాలు బయటపడటానికీ ఎక్కువ కాలం పట్టలేదు. మనకు తాజా అనుభవం 2021 నాటిది. కరోనా రెండో విడతలో షుగర్ ఉన్నవాళ్లు, అడ్డూ అదుపూ లేకుండా స్టెరాయిడ్లు పడ్డవాళ్లు బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి, గాంధీకి వరుస కట్టారు. ప్రాణం నిలిపే మందూ అదే, తీసే మందూ అదే. మోతాదు, గడువు, కాగితం మీద రాత, ఈ మూడింటిలోనే తేడా అంతా.

సూది రూపమే తప్పన్నట్టు చదవొద్దు. గోలీలు వేసుకోలేనివాళ్లకు మూడు వారాలకోసారి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి మార్గదర్శకాల్లోనే ఉంది. ఏం ఇచ్చారో, ఎంత ఇచ్చారో రోగికి తెలియకపోవడమే ప్రమాదం.

ఎల్లారెడ్డిపేటలో ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కార్పొరేట్ ఆసుపత్రితో మొదలుపెట్టాల్సిన పనిలేదు. ఆసరా పింఛన్ 2,016 రూపాయల మీద నడిచే ఇంట్లో ఒక్క ప్రైవేటు కన్సల్టేషన్, పరీక్షలు, ప్రయాణం కలిపితే ఆ నెల పింఛన్ మిగలదు.

మొదటి మెట్టు మండల కేంద్రంలోని సర్కారు దవాఖాన. అక్కడ అడగాల్సినవి ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రెండు పరీక్షలు. రెండూ ఒంట్లో వాపు ఉందో లేదో చెబుతాయి. ఈఎస్ఆర్ పీహెచ్‌సీ ల్యాబ్ స్థాయిలోనే చేసే పరీక్ష. అక్కడ కాని పరీక్షలకు రక్తం తీసి జిల్లా హబ్‌కు పంపే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఏర్పాటు ఉంది. 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2021 జూన్‌లో సిరిసిల్ల, జగిత్యాల సహా 19 జిల్లాలకు విస్తరించింది. మొదట 57 రకాల పరీక్షలు ఉండేవి, తర్వాత 134కు పెంచారు. పైసా తీసుకోరు. రిపోర్టు ఫోన్‌కు మెసేజ్‌గా వచ్చే ఏర్పాటు ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉంటే అవ్వ ఫోన్ నంబర్‌కు బదులు మీ నంబర్ ఇప్పించండి.

ఈఎస్ఆర్ గురించి ఒక మెలిక తెలుసుకోవాలి. వయసుతో అది సహజంగానే పెరుగుతుంది. ఆడవాళ్లకైతే వయసుకు పది కలిపి సగం చేయాలనేది డాక్టర్లు వాడే మోటు లెక్క. అంటే డెబ్బై ఏళ్ల ఆమెకు 40 దాకా ఉన్నా కంగారు పడరు. మగవాళ్లకు వయసులో సగం. రక్తహీనత ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది, మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. సీఆర్‌పీకి ఈ చిక్కు తక్కువ. అందుకే రెండూ కలిపి చూడాలి. వీటితో పాటు రక్తకణాల లెక్క, షుగర్, కిడ్నీ, కాలేయం, క్యాల్షియం, థైరాయిడ్, రుమటాయిడ్ ఫ్యాక్టర్, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించడం మిగతా జబ్బులను పక్కకు తీయడానికి. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు వారాల్లో ఏదైనా సూది వేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పాలి.

రెండో మెట్టు సిరిసిల్ల. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. జగిత్యాల కాలేజీ అంతకు ముందు ఏడాది, 2022 నవంబరులో. వైద్య కళాశాల అంటే కొత్త భవనం, సీట్ల సంఖ్య అన్నట్టే వార్తలు వస్తాయి. ఇలాంటి రోగులకు దాని అసలు ప్రయోజనం జనరల్ మెడిసిన్ విభాగం. నేరుగా ఎముకల డాక్టర్ దగ్గర లైన్లో నిల్చుంటే, ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది (డెబ్బై ఏళ్లకు ఎవరికి కనిపించదు?), దానికే మందు రాస్తారు. పొద్దున బిగుసుకునే నొప్పి అయితే ముందు జనరల్ మెడిసిన్‌కు వెళ్లండి. పీఎంఆర్‌ను మొదలుపెట్టి నడిపించడానికి ఒక ఎండీ ఫిజీషియన్ చాలు.

మూడో మెట్టు రుమటాలజిస్ట్. ప్రభుత్వ రంగంలో పంజాగుట్ట నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. సిరిసిల్ల నుంచి హైదరాబాద్ దాదాపు 140 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి అవ్వ ప్రయాణానికి ఖర్చు అంతగా ఉండదు, తోడు వెళ్లే మగవాళ్లకే ఖర్చు. అయితే ప్రతి నెలా అంత దూరం తిప్పాల్సిన పని లేదు. నిర్ధారణ అనుమానంగా ఉన్నా, మందుకు లొంగకపోయినా, మోతాదు తగ్గించినప్పుడల్లా తిరగబెడుతున్నా అప్పుడు వెళ్లాలి.

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకు పెంచారు. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ బీమాను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. పీఎంఆర్ రోగి ఆసుపత్రిలో చేరడు. నెలకోసారి ఓపీకి వచ్చి, గోలీలు తీసుకుని, రక్తం ఇచ్చి వెళ్తాడు. మంచం అవసరం లేని జబ్బులకు మన బీమా పథకాల్లో చోటు ఎప్పుడూ చివరే.

ఏడాది పాటు గోలీలు: అసలు కష్టం ఇక్కడే

మొదటి వారంలో వచ్చే మార్పు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడతారు. చికిత్స పాడయ్యేది సరిగ్గా ఆ సంబరంలోనే. ‘తగ్గింది కదా’ అని గోలీలు ఆపేస్తారు.

ఆపకూడదు. 2015లో ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం తొలి మోతాదును నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో 10 మిల్లీగ్రాములకు తేవాలి. అక్కడి నుంచి నాలుగు వారాలకు ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గించాలి. పది మెట్లు, మెట్టుకు నాలుగు వారాలు, అంటే ఒక్క ఆ దశకే నలభై వారాలు. అన్నీ సవ్యంగా సాగినా ఏడాది. చాలామందికి మధ్యలో తిరగబెట్టి రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. ప్రభుత్వ జాబితాలో దొరికే ప్రెడ్నిసొలోన్ గోలీలు 5, 10, 20 మిల్లీగ్రాములవి. ఒక్కో మిల్లీగ్రాము తగ్గించేది ఎలా? మార్గదర్శకాలు దీనికి దారి చూపించాయి: ఒక రోజు 10, మర్నాడు 7.5. సగటున 8.75 అవుతుంది, అంటే 1.25 తగ్గినట్టు. 5 మిల్లీగ్రాముల గోలీని సగం చేస్తే 2.5 వస్తుంది కాబట్టి 7.5 అంటే ఒకటిన్నర గోలీ. డాక్టర్ ఇలా రాస్తే, చదువు రాని అవ్వకు ‘రోజు విడిచి రోజు’ అని నోటితో చెప్పడం దండగ. గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో ఆ రోజు వేసుకోవాల్సినన్ని గోలీలను చుక్కలుగా గీయండి. రెండు చుక్కలు, ఒకటిన్నర చుక్క. వేసుకున్నాక ఇంటు కొట్టమనండి. నెలకోసారి ఆ గడుల ఫొటో తెప్పించుకుంటే, ‘వేసుకుంటున్నవా?’ అని రోజూ ఫోన్‌లో గద్దించాల్సిన అవసరం ఉండదు.

గోలీ పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి. మూడు వారాలకు మించి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావచ్చు. ‘డాక్టర్ సెలవులో ఉన్నారు’, ‘గోలీలు అయిపోయినయి’, ‘పెండ్లికి పోయినం’ అనేవి ఆపడానికి కారణాలు కాకూడదు. స్ట్రిప్‌లో వారానికి సరిపడా మిగిలినప్పుడే కొత్తవి తెచ్చుకోవాలి.

దుష్ఫలితాల్లో మన ఇళ్లకు ముందుగా తెలిసేది షుగర్. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ను మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. పరగడుపు షుగర్ బాగానే ఉండొచ్చు. కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు పరీక్ష చేయించాలి. బీపీ చూపించుకోవాలి. ఎముకల కోసం క్యాల్షియం, విటమిన్ డి, అవసరాన్ని బట్టి ఎముకలను కాపాడే వేరే మందు డాక్టర్ రాస్తారు. కంటి శుక్లాలు, నీటికాసుల కోసం ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి. క్షయ వచ్చి తగ్గినవాళ్లు, ఇంట్లో క్షయ రోగి ఉన్నవాళ్లు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే చెప్పాలి. ఈ గోలీలతో పాటు డైక్లోఫెనాక్ లాంటివి కలిపి వాడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. పాత అలవాటుతో మధ్యలో ‘ఒక సూది’ వేయించుకోవడం అందుకే కుదరదు.

మోతాదు తగ్గించినప్పుడల్లా తిరగబెట్టేవాళ్లకు మిథోట్రెక్సేట్ కలుపుతారు. ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి, పోయాయి కూడా. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించుకోండి: ‘గురువారం మాత్రమే’ అని. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ సారిలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను పీఎంఆర్‌కు అనుమతించింది. ఎల్లారెడ్డిపేటకు అది ఇప్పట్లో అందే విషయం కాదు. నూటికి ఎక్కువ మందికి దాని అవసరమూ ఉండదు.

తలనొప్పి, దవడ నొప్పి మొదలైతే ఆగొద్దు

పీఎంఆర్ ఉన్నవాళ్లలో 15 నుంచి 20 శాతం మందికి జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనే రక్తనాళాల వాపు కూడా వస్తుందని పాశ్చాత్య దేశాల అనుభవం. మన దగ్గర అది ఇంకా అరుదు. అయినా చెప్పాల్సిందే, ఎందుకంటే దీనికి పోయేది చూపు. కణతల దగ్గర కొత్తగా మొదలైన తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, అన్నం నములుతుంటే దవడలు లాగేయడం, ఒక కంటికి తెర పడినట్టు ఉండి పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. కళ్లద్దాల షాపుకు కాదు, వచ్చే సోమవారం ఓపీకి కాదు. ఈ స్థితిలో డాక్టర్లు పరీక్షల కోసం ఆగకుండా 40 నుంచి 60 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ వెంటనే మొదలుపెడతారు. ఒకసారి పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. రెండో కన్నును కాపాడుకోవడమే మిగులుతుంది.

సర్కారు చేయగలిగింది ఏంటి?

2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ నకిలీ వైద్యుల మీద వరుసగా తనిఖీలు చేసింది, కేసులు పెట్టింది. అర్హత లేనివాళ్ల చేతుల్లోంచి స్టెరాయిడ్ సూదులు తీసేయడం అవసరమే. చట్టం ప్రకారం అవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. కానీ పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి, రెండు వందలకో మూడు వందలకో, అప్పు పెట్టి అయినా నొప్పి తగ్గించే మనిషిని తీసేస్తే ఆ చోట ఎవరుంటారు? ఆ ప్రశ్నకు జవాబు లేని తనిఖీ, సూదిని వీధి నుంచి వెనుక గదిలోకి పంపుతుంది, అంతే.

జవాబు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం కూడా లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, నెలనెలా మందులిచ్చి, కొలతలు చూసే పద్ధతి పల్లె దవాఖానల్లో ఏఎన్‌ఎంలు, ఆశ కార్యకర్తల చేతుల మీదుగా ఇప్పటికే నడుస్తోంది. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడేవాళ్లను, ఏ జబ్బుకైనా సరే, అదే రిజిస్టర్‌లోకి చేర్చితే చాలు. ఈ నెల మోతాదు ఎంత, మధ్యాహ్నపు షుగర్ ఎంత, బీపీ ఎంత, బయట సూది ఏమైనా వేయించుకున్నారా అనే నాలుగు గడులు. ఉప కేంద్రం నుంచే ఈ-సంజీవని టెలీ కన్సల్టేషన్‌లో ఫిజీషియన్‌తో మాట్లాడించి తర్వాతి నెల మోతాదు రాయించొచ్చు. 2010 నుంచి వృద్ధుల ఆరోగ్యానికి ఒక జాతీయ కార్యక్రమం కాగితాల మీద ఉంది. పిల్లలు గల్ఫ్‌లోనో, ముంబైలోనో ఉండి పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఇన్ని ఉన్న జిల్లాల్లో దాన్ని కాగితం దాటించడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

అప్పటిదాకా ఆ రిజిస్టర్ పని ఇంట్లోవాళ్లదే. ఒక చిన్న నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘స్టెరాయిడ్ గోలీలు వాడుతున్నారు, ఒక్కసారిగా ఆపకూడదు’ అని రాసి, కింద మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, డాక్టర్ పేరు, మీ ఫోన్ నంబర్ వేయండి. పన్ను తీయించుకోవడానికి వెళ్లినా, కంటి ఆపరేషన్‌కు వెళ్లినా, జ్వరంతో అర్ధరాత్రి 108 ఎక్కినా ఆ పేజీ అక్కడి డాక్టర్‌కు చూపించాలి. తోడు ఎవరూ లేని పెద్దవాళ్లు సాయం కోసం 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. అందులో తెలుగులోనే మాట్లాడతారు.